విడిభాగం జాడ

(బోథ్‌లో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



హవల్దార్ సాబ్ పేరు మీద జరిగే ఈ ఉపన్యాసంలో సైన్యం గురించి మాట్లాడమన్నారు. యుద్ధాల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను గోదాం గురించి చెబుతానన్నాను. ఆయన సర్వీసంతా గోదాముల్లోనే గడిచింది. సికింద్రాబాద్ తిరుమలగిరిలో ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్ సెంటర్‌లో శిక్షణ పొంది, డిపో నుంచి డిపోకు బదిలీలవుతూ, బిన్ కార్డులూ లెడ్జర్లూ ఇష్యూ వోచర్లూ రాసి రాసి, రిటైరై బోథ్‌కు తిరిగొచ్చారు. తుపాకీ పేల్చిన కథలు చెప్పమని పిల్లలు చుట్టూ చేరితే, సరుకు లెక్క తప్పితే ఏమవుతుందో చెప్పేవారట. నేను హైదరాబాద్‌లో రక్షణ సామగ్రి తనిఖీ పనిలో బతికినవాణ్ణి. ఆ పనిలోనే ఆయన పరిచయమయ్యారు. స్టోర్ కీపర్ పనికి మన సమాజం ఇచ్చే గౌరవం చాలా తక్కువని నా నమ్మకం. ఇవాళ ఆ బాకీ కొంతైనా తీర్చాలని వచ్చాను.

ఆయన దగ్గర నేను నేర్చుకున్న మొదటి విద్య సుద్దముక్కది. ఎక్కడో సరిహద్దులో పనిచేసి డిపోకు తిరిగొచ్చిన గేర్‌బాక్స్ మీద నంబరు పలక ఉంటుంది. దాని మీద నూనె, మట్టి, రెండు మూడు పొరల ఆకుపచ్చ రంగు. ముందు కిరోసిన్ గుడ్డతో తుడవాలి. రంగును గీకకూడదు, గీకితే రంగుతో పాటు అంకె అంచు కూడా లేచిపోతుంది. ఆరాక సుద్దముక్కను అడ్డంగా పట్టి పలకంతా రుద్ది, పొడి గుడ్డతో పైపైన తుడవాలి. సుద్ద గుంటల్లో మిగిలి అంకెలు తెల్లగా లేస్తాయి. అసలు కష్టం అక్కడి నుంచే. ఆ మూడోది 3 నా, 8 నా? ఆ పక్కనున్నది ఇంగ్లీషు ఓ అక్షరమా, సున్నానా? ఆయన టార్చి లైటును పక్కవాటంగా పట్టి ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి చూసేవారు. రెండుసార్లూ ఒకే అంకె కనబడితేనే కార్డు మీద ఎక్కించేవారు. లేదంటే ఆ సరుకు పక్కన పెట్టేవారు. ఎంత పెద్ద ఆఫీసరు తొందరపెట్టినా ఆ పద్ధతి మారలేదు.

అంకెలకూ అక్షరాలకూ మధ్య ఈ తికమక తెలిసే, ఇంజనీరింగ్ డ్రాయింగులకు సవరణ అక్షరాలు పెట్టేటప్పుడు ఐ, ఓ, క్యూ, ఎస్, ఎక్స్, జెడ్ అనే ఆరింటిని వదిలేస్తారు. అంత జాగ్రత్త పడ్డా మనిషి కన్ను అలిసిపోతుంది, చేయి పొరబడుతుంది. ఆ సుద్దముక్క, టార్చి లైటు, కలం కలిసి చేసిన పనిని యంత్రం చదవగలిగే చిన్న గుర్తుకు ఎలా అప్పజెప్పారన్నదే ఇవాళ్టి నా విషయం.

బోథ్ రైతులకు ఒక సంగతి చెబితే నా విషయంలో సగం అర్థమైపోతుంది. పశువుల ఆస్పత్రి వాళ్లు మీ ఎడ్ల చెవులకు పసుపు రంగు బిళ్లలు వేశారు. వాటి మీద 12 అంకెల నంబరు, దానితో పాటు బార్‌కోడ్ ఉంటాయి. పొలాల అమావాస్య నాడు కొమ్ములకు రంగులు వేసి అలంకరించినప్పుడు కూడా ఆ బిళ్ల పక్కన కనిపిస్తూనే ఉంటుంది. ఆ నంబరు ఎద్దు జాతి చెప్పదు, రంగు చెప్పదు, ధర చెప్పదు. దేశంలో ఉన్న కోట్ల పశువుల్లో ఈ ఎద్దు ఇదే అని మాత్రం చెబుతుంది. గాలికుంటు టీకా ఎప్పుడు వేశారు, ఎవరి కొట్టం నుంచి ఎవరి కొట్టానికి మారింది అన్నవి ఆ నంబరు కింద వేరే చోట రాసి పెడతారు. రాయకపోతే చెవికి ప్లాస్టిక్ ముక్క వేలాడుతుంది, అంతే. యుద్ధ ట్యాంకు గేర్‌బాక్స్‌కు వేసే గుర్తూ ఇలాంటిదే.

గుర్తు వేయడం మన దక్కన్‌కు పాత పని. గోల్కొండలో ఔరంగజేబు కాలపు ఫతే రహబర్ తోపు మీద పోత పోసిన ముహమ్మద్ అలీ అరబ్ పేరు చెక్కి ఉంది. బోథ్‌కు దగ్గరే ఉన్న నిర్మల్‌లో పద్దెనిమిదో శతాబ్దంలో తోపులు పోశారు. కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. ఆ రోజుల్లో ఒక తోపు వేరు, పక్క తోపు వేరు. ప్రతి దానికీ దాని గుణం, దాని గుండు. ఎవరు చేశారో తెలిస్తే చాలు, దాని మంచి చెడ్డలు సగం తెలిసినట్టే.

చేతి తుపాకులదీ అదే సంగతి. ఒక తుపాకీ గుర్రం ఇంకో తుపాకీకి సరిపోయేది కాదు. ఆకురాయితో అరగదీసి, దేనికదే కూర్చేవారు. 1785లో పారిస్‌లో ఒనోరే బ్లాంక్ అనే తుపాకుల పనివాడు, అప్పటికి ఫ్రాన్స్‌లో అమెరికా రాయబారిగా ఉన్న థామస్ జెఫర్సన్‌కు ఒక వింత చూపించాడు. తుపాకీ పేల్చే మరల విడిభాగాలను గుట్టలుగా పోసి, చేతికొచ్చింది తీసి బిగించుకోమన్నాడు. ఏది తీసినా సరిపోయింది. యంత్రయుగపు గొప్ప మలుపుల్లో అదొకటి. బోల్టు విరిగితే గోదాంలో ఇంకో బోల్టు, గేర్ అరిగితే ఇంకో గేర్. సైన్యాలు పెద్దవి కావడానికి, వేల మైళ్ల దూరంలో యుద్ధాలు చేయడానికి ఆ మార్పు దారి తీసింది.

అయితే ఆ మార్పుతో ఒకటి పోయింది. ఒక బోల్టుకూ ఇంకో బోల్టుకూ తేడా లేనప్పుడు, ఏది ఎవరు చేశారు, ఏది ఎన్ని గంటలు పనిచేసింది, ఏది ఒకసారి దెబ్బ తిని మళ్లీ అతుక్కుంది అని ఎవరూ అడగలేదు. పూర్తిగా పోలేదనుకోండి. ప్రాణం మీదికొచ్చే చోట పాతవాళ్లు జాగ్రత్త పడ్డారు. మన పోలీస్ స్టేషన్లలో చాలాకాలం కనిపించిన త్రీ నాట్ త్రీ రైఫిల్ చూడండి. దాని బోల్టు మీద ఆ రైఫిల్ నంబరే కొట్టి ఉంటుంది. బోల్టు ముఖానికీ తూటాకూ మధ్య ఖాళీ రైఫిల్ రైఫిల్‌కూ సరిచేసి పెడతారు. ఇంకో రైఫిల్ బోల్టు దూరిస్తే పడుతుంది, కానీ ఖాళీ ఎక్కువైతే తూటా కోశం చీలి కాల్చేవాడి ముఖానికే ప్రమాదం. అందుకే సిపాయికి తన రైఫిల్ బట్ నంబరు కంఠతా వస్తుంది, కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, దాన్ని సంతకం పెట్టి తీసుకుంటాడు, సంతకం పెట్టి అప్పజెబుతాడు.

మిగతా లక్షల రకాల సరుకుకు వచ్చింది రకం నంబరు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నాటో దేశాలు 13 అంకెల పద్ధతి పెట్టుకున్నాయి. మొదటి నాలుగు అంకెలు తరగతి, తర్వాత రెండు ఆ నంబరిచ్చిన దేశం, మిగతా ఏడూ ఆ వస్తువు. అందులో మన దేశం సంఖ్య 72. ఇది చాలా గొప్ప పని. ఒకే బేరింగును నాలుగు పేర్లతో నాలుగు చోట్ల కొని నిల్వ పెట్టే వృథా దీనివల్ల తగ్గింది. కానీ ఈ నంబరు ‘ఇలాంటి బేరింగు’ అని చెబుతుంది. ‘ఈ బేరింగే’ అని చెప్పదు. బిన్ కార్డు మీద నలభై ఉన్నాయని రాసి ఉంటుంది, ఆ నలభైలో ఏది ఏదో కార్డుకు తెలియదు.

ఇది ఎందుకు ముఖ్యమో హెలికాప్టర్ ఉదాహరణతో చెబుతాను. రోటర్‌కు సంబంధించిన కొన్ని భాగాలకు ఆయుష్షు గంటల్లో లెక్కగడతారు. అన్ని గంటలు ఎగిరాక, చూడటానికి కొత్తదానిలా ఉన్నా, తీసి పక్కన పడేయాలి. లోహం లోపల అలసట పేరుకుంటుంది, పగులు కంటికి కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. ఇప్పుడు ఒక హెలికాప్టర్ మరమ్మతుకు వస్తుంది, దాని భాగం ఒకటి తీసి అత్యవసరంగా ఇంకో హెలికాప్టర్‌కు బిగిస్తారు. ఆ భాగం వెంట దాని గంటల లెక్క కూడా వెళ్లాలి. భాగం వెళ్లి కాగితం వెళ్లకపోయినా, ఒకదాని కాగితం ఇంకోదాని వెంట వెళ్లినా, ఆకాశంలో ఉన్న పైలట్‌కు ఆ తప్పు తెలిసే దారే లేదు. అంకె ఒకటి తప్పుగా చదివిన చోట మొదలైన పొరపాటు అక్కడి దాకా పోతుంది.

అమెరికా రక్షణ శాఖ ఈ సమస్యకు 2003 జులైలో ఒక సమాధానం ఇచ్చింది. కొనుగోళ్ల బాధ్యత చూస్తున్న మైకేల్ విన్ సంతకంతో, 2004 జనవరి 1 నుంచి చేసే కొత్త కాంట్రాక్టుల్లో వస్తువుకొక విశిష్ట గుర్తు తప్పనిసరి అన్నారు. ఆ గుర్తు ప్రపంచంలో ఇంకే వస్తువుకూ ఉండకూడదు, ఎన్నటికీ మారకూడదు. దాని కూర్పు చాలా సరళం. ముందు సంస్థ సంకేతాన్ని ఎవరిచ్చారో చెప్పే అక్షరం, తర్వాత ఆ తయారీ సంస్థ సంకేతం, ఆ తర్వాత సీరియల్ నంబరు. సంస్థ తన సరుకంతటికీ ఒకే వరస నంబర్లు పెట్టుకోకుండా, ఒక్కో రకానికి ఒక్కో వరస పెట్టుకుంటే, మధ్యలో రకం నంబరు కూడా చేరుతుంది. గుర్తు ఎక్కడ, ఎలా వేయాలన్నది మిల్-స్టాండర్డ్-130 అనే ప్రమాణంలో ఉంది. సరుకు అందిన రోజు నుంచి ఆ వివరం కేంద్ర రిజిస్టర్‌లో ఎక్కుతుంది.

గుర్తు రూపం చూద్దాం. దీన్ని డేటా మ్యాట్రిక్స్ అంటారు. మీరు కిరాణా కొట్టులో ఫోన్‌తో చదివే క్యూఆర్ కోడ్‌కు ఇది దగ్గరి చుట్టం. ఆ క్యూఆర్ కూడా 1994లో జపాన్‌లో డెన్సో కంపెనీ కార్ల విడిభాగాల లెక్క కోసమే తయారుచేసింది, డబ్బులు పంపడానికి తర్వాత వాడుకున్నాం. డేటా మ్యాట్రిక్స్ ఒక చిన్న గళ్ల చదరం. ఎడమ అంచు, కింది అంచు తెగకుండా నల్లగా ఉండి ఎల్ అక్షరంలా నిలుస్తాయి. దాన్ని బట్టి కెమెరా ఏది పైన ఏది కింద అని తెలుసుకుంటుంది. మిగతా రెండు అంచుల్లో నలుపు తెలుపు గళ్లు ఒకటి విడిచి ఒకటి వస్తాయి, వాటిని బట్టి గళ్లు ఎన్నో లెక్కిస్తుంది. లోపల ఉన్న గళ్లలో సమాచారం. నిలువు 20, అడ్డం 20 గళ్లలో 31 అక్షరాలు, అంకెలు పడతాయి. ఒక్కో గడి పావు మిల్లీమీటరు ఉంటే మొత్తం గుర్తు 5 మిల్లీమీటర్ల చదరంలో ఇమిడిపోతుంది. అందులో కొంత భాగం అసలు సమాచారం కాదు, దిద్దుబాటు లెక్క. రీడ్-సాలమన్ అనే గణిత పద్ధతి వల్ల గీతలు పడి, నూనె మరకలు పడి, ఒక మూల చెడిపోయినా మిగిలిన గళ్ల నుంచి పోయినదాన్ని తిరిగి రాబట్టవచ్చు. తిరిగి రాబట్టలేనంత చెడితే యంత్రం ఊహించి చెప్పదు, చదవలేనంటుంది. హవల్దార్ సాబ్ సందేహం ఉన్న పలకను పక్కన పెట్టడం నాకు అక్కడ గుర్తొస్తుంది.

ఆ గుర్తును లోహం మీద వేయడానికి దారులు చాలానే ఉన్నాయి. లేబుల్ అంటించవచ్చు, పలక బిగించవచ్చు. ఊడిపోయే ప్రమాదం ఉన్న చోట నేరుగా భాగం మీదే వేస్తారు. గట్టి సూదిమొనతో చుక్క చుక్కగా పొడుస్తారు, లేజర్‌తో కాలుస్తారు, లేదా విద్యుత్తుతో రసాయనం పెట్టి తినిపిస్తారు. ఇక్కడే డిజైనర్‌తో మాట్లాడకుండా పనివాడు సొంత నిర్ణయం తీసుకోకూడదు. బరువు మోసే చోట పొడిచిన చిన్న గుంట పగులుకు మొదలు కావచ్చు. లేజర్ వేడికి పైపొర గుణం మారవచ్చు. అందుకని గుర్తు ఎక్కడ పడాలో డ్రాయింగ్‌లోనే చూపిస్తారు. వేశాక పని అయిపోదు. చదివే యంత్రం చదివింది కదా అని వదిలేయరు, నాణ్యత గ్రేడు కొలుస్తారు. మెరిసే లోహం మీద చుక్కలు మెరుపులో కలిసిపోతాయి కాబట్టి వెలుతురును తక్కువ ఎత్తు నుంచి, పక్కవాటంగా పడేలా అమర్చి కొలుస్తారు. మన హవల్దార్ సాబ్ టార్చి పట్టినట్టే.

సరుకు పెట్టె మీద పేరొకటి, లోపల వస్తువొకటి ఉంటే ఏమవుతుందో 2008 మార్చిలో ప్రపంచం చూసింది. అమెరికా తైవాన్‌కు పంపిన పెట్టెల్లో హెలికాప్టర్ బ్యాటరీలకు బదులు మినిట్‌మ్యాన్ అణు క్షిపణి ముందు భాగాలు నాలుగు వెళ్లాయి. పంపింది 2006లో. బయటపడటానికి ఏడాదిన్నర పైగా పట్టింది. ఆ తర్వాత అణ్వాయుధాల నిర్వహణలో లోపాల మీద విచారణ జరిగి, 2008 జూన్‌లో అమెరికా వైమానిక దళ కార్యదర్శి, దళాధిపతి ఇద్దరూ పదవుల నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. ఆ కార్యదర్శి ఎవరో కాదు, 2003లో విశిష్ట గుర్తు ఆదేశం మీద సంతకం చేసిన మైకేల్ విన్. ఇందులో ఆయన్ని చిన్నబుచ్చే ఉద్దేశం నాకు లేదు. ఆదేశం సంతకం రోజు పుడుతుంది, కానీ గోదాంలో పాత పెట్టె అదే చోట అలాగే ఉంటుంది. ఒక దేశపు సైన్యం మొత్తం సామగ్రికి గుర్తు వేయడం దశాబ్దాల పని. ఓవర్‌హాల్‌కు వచ్చినప్పుడు, పెట్టె తెరిచినప్పుడు, చేతికొచ్చిన ప్రతిసారీ ఒకటొకటిగా వేసుకుంటూ పోవాల్సిందే.

ఇంకో పెద్ద బెడద నకిలీ సరుకు. అమెరికా సెనేట్ సాయుధ దళాల కమిటీ 2012లో ఇచ్చిన నివేదికలో, రెండేళ్ల కాలంలో నకిలీ ఎలక్ట్రానిక్ భాగాలని అనుమానించిన కేసులు దాదాపు 1,800 అనీ, ఆ భాగాలు పది లక్షలకు పైనే అనీ తేల్చింది. మన దగ్గర 2017లో సీబీఐ ఒక కేసు పెట్టింది. జబల్‌పూర్‌లో తయారయ్యే ధనుష్ ఫిరంగి కోసం జర్మనీ బేరింగులని చెప్పి చైనాలో చేసినవి అంటగట్టారన్నది అభియోగం. కాగితాలన్నీ జర్మనీవే చూపించారని ఆరోపణ. కాగితం వస్తువు నుంచి వేరుగా ప్రయాణిస్తుంది, అందుకే దాన్ని మార్చడం తేలిక. గుర్తు వస్తువు ఒంటి మీదే ఉంటే మార్చడం కష్టమవుతుంది, అయితే అసాధ్యం కాదు. నకిలీ చేసేవాడు గుర్తును కూడా నకలు తీసి వేయగలడు. అప్పుడు ఒకే నంబరు రెండు చోట్ల కనబడుతుంది. ఆ రెండు చోట్లా ఎవరో ఒకరు చదివి రిజిస్టర్‌లో ఎక్కిస్తే దొంగ దొరుకుతాడు. ఎవరూ చదవకపోతే ఆ గుర్తు దొంగ సరుకుకు మంచి సర్టిఫికెట్‌గా పనిచేస్తుంది. నేను ఈ మాట గట్టిగా చెబుతున్నాను: చదవని గుర్తు, అసలు గుర్తు లేకపోవడం కన్నా ప్రమాదం. ఉన్నదన్న ధైర్యంతో తనిఖీ మానేస్తాం.

నంబర్లు పెట్టడంలో ఇంకో జాగ్రత్త ఉంది, విద్యార్థులకు ఇది నచ్చుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ నెలకు ఎన్ని ట్యాంకులు తయారుచేస్తోందో మిత్రరాజ్యాలకు తెలియాలి. గూఢచారుల అంచనా నెలకు 1,400. లెక్కలవాళ్లు ఇంకో దారి పట్టారు. పట్టుబడిన ట్యాంకుల గేర్‌బాక్సుల మీద, చాసిస్‌ల మీద సీరియల్ నంబర్లు చదివారు. జర్మన్లు వరసగా, క్రమం తప్పకుండా వేసుకుంటూ పోయారు. ఆ లెక్క మీకూ వస్తుంది. అయిదు ట్యాంకులు దొరికాయి, వాటిలో పెద్ద నంబరు 100 అనుకోండి. ఆ 100ను అయిదుతో భాగిస్తే 20, దాన్ని 100కు కలిపి ఒకటి తీసేస్తే 119. మొత్తం ట్యాంకులు అటూ ఇటూగా అన్నే. అలా వాళ్లు వేసిన అంచనా నెలకు 246. యుద్ధం ముగిశాక జర్మన్ రికార్డులు తెరిస్తే 245. అంటే తన లెక్క కోసం వేసుకున్న నంబరు శత్రువుకు కూడా లెక్క చెప్పింది. ఇప్పటి గుర్తుల్లో సీరియల్ నంబరు రెండోసారి రాకుండా ఉంటే చాలు, వరసగా ఉండాల్సిన అవసరం లేదు. వరస లేకుండా ఇవ్వడమే మంచిదని నా అభిప్రాయం. అంతకన్నా కాపాడుకోవాల్సింది రిజిస్టర్. ఏ దళం దగ్గర ఎన్ని గేర్‌బాక్సులు మరమ్మతులో ఉన్నాయో తెలిస్తే, ఆ దళం ఎన్ని రోజులు పోరాడగలదో తెలిసినట్టే.

ఇదంతా ఎక్కడో అమెరికాలో జరిగే కథ అనుకోకండి. హైదరాబాద్ దగ్గర ఆదిబట్లలో టాటా, బోయింగ్ కలిసి నడిపే కార్ఖానాలో అపాచీ హెలికాప్టర్ల ఒళ్లు తయారవుతున్నాయి. అక్కడే టాటా, లాక్‌హీడ్ మార్టిన్ కార్ఖానాలో సీ-130జే రవాణా విమానం తోక భాగాలు. అమెరికా రక్షణ కాంట్రాక్టులో గుర్తు నిబంధన ఉంటే, అది పెద్ద కంపెనీ దగ్గర ఆగదు, ఆ వస్తువు చేసే సబ్ కాంట్రాక్టరు దాకా దిగివస్తుంది. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో, ఇందిరాగాంధీ 1984లో శంకుస్థాపన చేసిన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ మెదక్ 1987 నుంచి సారథ్ పోరాట వాహనాలు ఇస్తోంది. 14 టన్నుల పైచిలుకు బరువు, 300 హార్స్‌పవర్ ఇంజన్, 30 మిల్లీమీటర్ల ఫిరంగి. కంచన్‌బాగ్‌లో, భానూరులో భారత్ డైనమిక్స్ క్షిపణులు చేస్తుంది. ఇలాంటి పెద్ద సంస్థల వెనక బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లిలో పది పదిహేను మంది పనిచేసే షెడ్లు వందల్లో ఉన్నాయి.

నా ఆందోళన ఆ షెడ్ల గురించి. గుర్తు వేసే యంత్రం, గ్రేడు కొలిచే కెమెరా, రిజిస్టర్‌కు పంపే సాఫ్ట్‌వేర్, అది నడిపే మనిషి, ఇవన్నీ చిన్న షెడ్డుకు పెద్ద ఖర్చు. ఖర్చు భరించలేక బయట ఎవరి దగ్గరో గుర్తు వేయించుకుంటారు. అప్పుడు వస్తువు ఒకచోట, గుర్తు ఒకచోట, రెండూ కలిసేది సాయంత్రం ఆటోలో. అక్కడే ఒకదాని గుర్తు ఇంకోదాని మీద పడే అవకాశం. పారిశ్రామిక వాడకో ఉమ్మడి గుర్తు కేంద్రం పెట్టి, తనిఖీ శాఖ మనిషి ఎదుట వేయిస్తే ఈ బాధ చాలావరకు తీరుతుంది. అడిగిన ప్రతి సభలో నేను ఈ మాటే చెబుతున్నాను.

ఏ భాగానికి గుర్తు వేయాలన్న ప్రశ్న ఒకటుంది. అమెరికా నియమంలో మొదటి కొలత ధర. 5,000 డాలర్లు, ఆపై ఖరీదు ఉన్నదానికి తప్పనిసరి. తక్కువ ధరవైనా, సీరియల్ నంబరుతో నడిపేవాటికీ, పనికి కీలకమైనవాటికీ, లెక్క గట్టిగా ఉండాల్సినవాటికీ వేస్తారు. నా ఉద్దేశంలో ధర ముందు రాకూడదు. అది పాడైతే ఎవరి ప్రాణం పోతుంది అన్నది మొదటి ప్రశ్న కావాలి. ఖరీదైన ఆఫీసు యంత్రం చెడితే పని ఆగుతుంది. చవక ఫ్యూజు చెడితే చేయి పోతుంది.

ఇక్కడికి దూరంగా లేని ఒక చోటు చెబుతాను. పెన్‌గంగ దాటి, యవత్‌మాల్ మీదుగా వెళితే వార్ధా జిల్లా పుల్గావ్ వస్తుంది. అక్కడ సైన్యం కేంద్ర మందుగుండు డిపో ఉంది. 2016 మే 31 తెల్లవారుజామున అక్కడ మంటలు లేచి పేలుళ్లు జరిగాయి. కనీసం 16 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది మంటలు ఆర్పడానికి పరుగెత్తినవాళ్లు. ట్యాంకు విధ్వంసక మందుపాతరల నుంచి టీఎన్‌టీ కారడం గురించి ఆ తర్వాత చాలా చర్చ జరిగింది. మందుగుండుకు పాతకాలం నుంచి ఉన్న రక్షణ లాట్ నంబరు. ఒకే పద్ధతిలో, ఒకే మందుతో, ఒకే చోట నింపినవన్నీ ఒక లాట్. అందులో ఒకటి చెడిందని తెలిస్తే ఆ లాట్ అంతా పక్కకు తీస్తారు. ఒక్కో మందుపాతరకూ విడిగా నంబరు ఇవ్వడం ఇప్పటికిప్పుడు అయ్యే పని కాకపోవచ్చు. కానీ పెట్టె మీద లాట్ నంబరు రంగుతో స్టెన్సిల్ కొట్టి ఉండటానికీ, అదే యంత్రం చదివేలా ఉండటానికీ చాలా తేడా ఉంది. లక్షల పెట్టెల్లో అనుమానపు లాట్ ఎక్కడెక్కడ ఉందో వెతకడానికి పట్టే కాలం వారాల నుంచి నిమిషాలకు దిగుతుంది. ఆ వారాలు డిపో షెడ్ల మధ్య తిరిగే మనుషులవి.

హవల్దార్ సాబ్ కొన్నేళ్లు పుల్గావ్‌లో పనిచేశారు. ఆ వార్త వచ్చిన రోజు ఆయన అన్నం తినలేదని ఇంట్లోవాళ్లు చెప్పారు. చనిపోయినవాళ్లు ఎవరో ఆయనకు తెలియదు. షెడ్ల మధ్య దారులు తెలుసు.

యంత్రం వస్తే స్టోర్ కీపర్ అవసరం పోతుందని కొందరంటారు. నేను చూసింది దానికి వ్యతిరేకం. చదివే పని యంత్రానిది. చదివింది చేతిలో ఉన్న వస్తువుదేనా, లేక పక్కనున్న పెట్టెదా అని చూసేది మనిషే. గడువు తీరిన భాగాన్ని ఇవ్వమని పైనుంచి ఒత్తిడి వచ్చినప్పుడు, స్క్రీన్ మీద ఎర్ర గుర్తు కనబడుతుండగా ఇవ్వనని చెప్పాల్సిందీ మనిషే. ఇంతకు ముందు ఆ మాట చెప్పడానికి అతని దగ్గర చినిగిన లెడ్జర్ ఒక్కటే ఉండేది. ఇప్పుడు ఎవరూ చెరపలేని ఎంట్రీ ఉంది. నిజాయితీ ఉన్న చిన్న ఉద్యోగికి ఈ గుర్తు ఇచ్చే బలం అది, నాకు ఈ విషయం మీద ఇంత మమకారం ఉండటానికి అదే కారణం.

చివరగా ఒక పని అడుగుతాను. ఆదిలాబాద్ జిల్లా ఐటీఐలలో ఫిట్టర్, టర్నర్, మెషినిస్టు ట్రేడ్లు నేర్చుకునే పిల్లలు హైదరాబాద్ షెడ్లకు వెళుతున్నారు. వెర్నియర్, మైక్రోమీటర్ చదవడం నేర్పుతున్నాం. వాటితో పాటు గుర్తు వేయడం, గ్రేడు కొలవడం, డ్రాయింగ్‌లో గుర్తు చోటు చూసుకోవడం, రిజిస్టర్‌లో ఎక్కించడం కూడా నేర్పాలి. చేతితో పట్టుకునే చుక్కల యంత్రం ఒకటి, కెమెరా ఒకటి ఉంటే మొదలుపెట్టవచ్చు. ఈ స్మారక నిధి వడ్డీలో కొంత అందుకు కేటాయించమని కుటుంబాన్ని కోరాను, వాళ్లు ఒప్పుకున్నారు. మొదటి బ్యాచ్‌కు పాఠం చెప్పడానికి నేను వస్తాను. పలకల మీద సుద్ద రుద్దడం కూడా నేర్పుతాను. గుర్తు లేని పాత సరుకు ఇంకా చాలా ఏళ్లు మన డిపోలకు వస్తూనే ఉంటుంది.